కొండ రైతు వాంగ్మూలం: మద్రాసు గవర్నరు నేపియర్ కథ

చెన్నైలో మెరీనా బీచికి వెళ్ళే దారిలో కూవం నది మీద ఒక వంతెన ఉంది. దాని పేరు నేపియర్ వంతెన. తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం అని ఎర్రటి పాత భవనం ఒకటి ఉంది. రెండూ ఒకే మనిషి పేరు మీద ఉన్నాయి. ఆయన ఫ్రాన్సిస్ నేపియర్, స్కాట్లండుకు చెందిన లార్డు. 1866 నుంచి 1872 వరకు మద్రాసు రాజధానికి గవర్నరు. అప్పట్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కొండలన్నీ మద్రాసు పాలనలోనే ఉండేవి. అంటే సవరలు, జాతాపులు, కోందులు, కొండదొరలు, కొండరెడ్లు, కోయలు నివసించిన కొండల్లో చాలా భాగానికి ఆరేళ్ళపాటు ఆయనే ప్రభుత్వాధినేత.

మనం లార్డుల చరిత్ర ఎందుకు చదవాలి అని మన యువకులు అడగవచ్చు. మన తాతలను పాలించినవాళ్ళ గొప్పలు చెప్పుకోవడం మన పని కాదు. ఆయన మన గడ్డ విడిచి వెళ్ళిన పదకొండేళ్ళకు సొంత దేశంలో చేసిన ఒక పని కోసం ఆయన్ని గుర్తు చేసుకుంటున్నాం. భూమి పోగొట్టుకున్న కొండ రైతుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాట విని, చెప్పినవారి పేరుతో సహా రాయించిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ సంఘం రాసిన నివేదికలో కొంత చట్టమైంది, కొంత పక్కన పడింది. చట్టమైనదీ, పక్కన పడినదీ రెండూ ఇవాళ మన గ్రామసభలకు పాఠాలే.

గొర్రెల కొండల్లో పుట్టినవాడు

నేపియర్ 1819 సెప్టెంబరు 15న స్కాట్లండు దక్షిణ సరిహద్దులోని సెల్కిర్క్‌షైర్‌లో పుట్టారు. ఎట్రిక్ అనే లోయలో థర్ల్‌స్టేన్ వాళ్ళ ఇల్లు. చుట్టూ పచ్చిక కొండలు, వాటి మీద గొర్రెలు. తండ్రి తొమ్మిదో లార్డు నేపియర్ నౌకాదళంలో పనిచేసి వచ్చి, సొంత ఎస్టేటులో గొర్రెల పెంపకాన్ని మెరుగుపరచడం మీద పుస్తకం కూడా రాశారు. తర్వాత చైనాలో బ్రిటిషు వ్యాపార వ్యవహారాల అధికారిగా వెళ్ళి 1834లో మకావులో చనిపోయారు. అప్పటికి ఫ్రాన్సిస్‌కు పదిహేనేళ్ళు. ఆ వయసులోనే ఎస్టేటు, లార్డు బిరుదు ఆయనకు వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నేపియర్లు భూస్వాములే గాని ఉత్తరాది కొండల ప్రభువుల వంటివారు కారు. సదర్లాండ్ కుటుంబానికి ఒక్క ఉత్తర స్కాట్లండులోనే పది లక్షల ఎకరాలకు పైగా ఉండేది. ఆ లెక్కన నేపియర్లది చిన్న ఎస్టేటు. అందుకే ఆయన జీతం మీద ఆధారపడే ఉద్యోగంలో చేరారు. 1840లో విదేశాంగ కొలువులోకి వెళ్ళి వియన్నా, టెహరాన్, కాన్‌స్టాంటినోపుల్, నేపుల్స్ చూశారు. 1857 నుంచి 1859 వరకు అమెరికాలో బ్రిటిషు రాయబారి. ఆ దేశంలో ఇంకా బానిసత్వం నడుస్తున్న రోజులవి. తర్వాత హాలండు, 1861 నుంచి 1864 వరకు రష్యా, ఆ పైన ప్రష్యా.

రష్యాలో ఆయన రాయబారిగా ఉన్న కాలం చాలా ముఖ్యమైనది. అక్కడ భూమికి కట్టుబడి, జమీందారుకు వెట్టిచేసే కోట్లాది రైతులను జార్ 1861లో విడుదల చేశాడు. వాళ్ళకు ఇచ్చిన భూమి చాలాచోట్ల ఒక్కొక్క కుటుంబం పేరున కాక ఊరి సముదాయం పేరున ఇచ్చారు. ఊరంతా కలిసి భూమిని పట్టుకుని ఉండే పద్ధతి ఒకటి ఉందని, దాన్ని ప్రభుత్వమే గుర్తించవచ్చని నేపియర్ అక్కడ చూశారు. తర్వాత మద్రాసులో కూడా ఊరికి ఉమ్మడిగా ఉండే బీడు, చెరువు, అడవి చూశారు. ఆయన స్కాట్లండులో చేసిన సిఫారసుల వెనుక ఈ భారతదేశ అనుభవం ఉందని చరిత్రకారులు చెబుతారు.

మద్రాసులో ఆరేళ్ళు

1866 మార్చి చివర ఆయన మద్రాసులో పదవి చేపట్టేసరికి కరువు ఎదురొచ్చింది. ఒరిస్సాలో దాదాపు పది లక్షల మందిని మింగిన కరువు అది. దాని దక్షిణపు అంచు గంజాం జిల్లా మీద పడింది. గంజాం అప్పుడు మద్రాసు కింద ఉండేది. నేటి శ్రీకాకుళం ప్రాంతంలో చాలా భాగం కూడా ఆ జిల్లాలోనిదే. కరువు సహాయం, నీటి పారుదల, ప్రజారోగ్యం ఆయన ప్రభుత్వానికి పెద్ద పనులయ్యాయి. యుద్ధ క్షతగాత్రులకు సేవ చేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో పారిశుద్ధ్యం గురించి, సాగునీటి గురించి ఆయన ఉత్తరాలు నడిపారు. 1872 ఫిబ్రవరిలో వైస్రాయి లార్డు మేయో అండమాన్‌లో హత్యకు గురైనప్పుడు, కొత్త వైస్రాయి వచ్చేదాకా మే మొదటి వారం వరకు దేశమంతటికీ నేపియరే తాత్కాలిక వైస్రాయిగా ఉన్నారు. ఆ ఏడాదే ఆయనకు బారన్ ఎట్రిక్ అనే మరో బిరుదు వచ్చింది.

ఆయన కాలంలో మనకు సంబంధించిన ఒక కాగితం ఉంది. ప్రభుత్వ అటవీ శాఖ అప్పుడప్పుడే బలపడుతోంది. అడవులన్నీ సర్కారువేనని చెప్పే చట్టం ఒకటి తయారవుతోంది. దాని మీద అభిప్రాయం అడిగితే 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డు గట్టి అభ్యంతరం చెప్పింది. ఈ రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదని, అనాదిగా ఊరివాళ్ళు అందులో మేపుకుంటూ, కట్టెలు తెచ్చుకుంటూ ఉన్నారని, ఆ హక్కులను కాదనడానికి వీల్లేదని దాని సారాంశం. తెల్ల అధికారులే రాసిన మాట అది. మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్న మాట కూడా అదే.

ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల గీతలు పడ్డాయి. ఊరి హక్కు అన్నది సర్కారు దయగా మారింది. పోడు నేరమైంది.

నేపియర్ వెళ్ళిపోయిన ఏడేళ్ళకు, 1879లో రంప కొండలు మండాయి. మన్సబుదారు దోపిడీ ఒకవైపు, కల్లు మీద చిగురుపన్ను ఒకవైపు, కింద నుంచి వచ్చిన షావుకార్లు కోర్టు డిక్రీలతో పశువులను, పంటను జప్తు చేయడం ఒకవైపు. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య వంటివారు ముందు నడిచారు. ప్రభుత్వం సైన్యాన్ని దించి 1880 నాటికి అణచివేసింది. మన్సబుదారును తొలగించి ముఠాదారులకు సనదులు ఇచ్చింది. అంతే. ఊరూరా తిరిగి, కోయ మాటలో, కొండరెడ్డి మాటలో ప్రజల వాంగ్మూలం తీసుకున్న సంఘం మాత్రం ఏదీ రాలేదు. భూమి చేతులు మారకుండా ఆపే చట్టం మన ఏజెన్సీకి 1917లో గాని రాలేదు.

అక్కడి కొండల్లో జరిగింది

ఇప్పుడు స్కాట్లండు ఉత్తరాన ఉన్న కొండలకు, దీవులకు వెళదాం. ఆ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. అక్కడి ప్రజల భాష గేలిక్. ఇంగ్లీషుకు, దానికి పోలిక లేదు. పూర్వం వాళ్ళు తెగలుగా బతికేవారు. తెగ పెద్ద భూమికి కాపలాదారు అని, భూమి తెగది అని వాళ్ళ నమ్మకం. 18వ శతాబ్దంలో చట్టం ముందు ఆ తెగ పెద్దలే భూస్వాములైపోయారు. భూమి వాళ్ళ సొంత ఆస్తిగా కాగితాల మీదికెక్కింది. ప్రజలు ఏ ఏటికాయేడు ఖాళీ చేయించదగిన కౌలుదార్లయ్యారు. మన ముఠాల్లో, మాళ్వాల్లో ఏం జరిగిందో తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

తర్వాత గొర్రెలు వచ్చాయి. ఉన్నికి మంచి ధర ఉంది. దక్షిణ సరిహద్దు కొండల నుంచి చెవియట్ జాతి గొర్రెలను తెచ్చి లోయలకు లోయలు మేత బీళ్ళుగా మార్చారు. సదర్లాండ్ ఎస్టేటులో 19వ శతాబ్దపు మొదటి ఇరవై ఏళ్ళలో వేలాది కుటుంబాలను తరిమేశారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లో, 1819లో ఇళ్ళ కప్పులు తగలబెట్టి ఖాళీ చేయించారు. ప్యాట్రిక్ సెల్లార్ అనే ఎస్టేటు అధికారి మీద 1816లో కేసు నడిచింది. అతను నిర్దోషిగా బయటపడ్డాడు. లోయలోని జనం రాతినేల సముద్రతీరానికో, కెనడాకో చేరారు.

తీరంలో మిగిలినవాళ్ళకు ఇచ్చిన చిన్న కమతాన్ని క్రాఫ్ట్ అంటారు. దాన్ని చేసుకునేవాడు క్రాఫ్టరు. ఆ కమతం తిండికి చాలదు. చేపలు పట్టాలి, కూలికి పోవాలి. బురద నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలే వంటచెరకు. పొలానికి ఎరువు సముద్రపు నాచు. ఇంటి కప్పుకు కొండ మీది పొదలు. పశువులకు కొండ మీది ఉమ్మడి బీడు. ఆ బీడు, నాచు, పీట్ లేకపోతే కమతం ఉన్నా లేనట్టే. క్రాఫ్టు కూడా లేనివాళ్ళను కాటర్లు అనేవారు. 1846 నుంచి బంగాళాదుంప తెగులుతో కరువు వచ్చింది. ఆ తర్వాత దొరల వేట సరదా కోసం కొండలను జింకల అడవులుగా మార్చడం మొదలైంది.

స్కై దీవిలో బ్రేస్ అనే చోట క్రాఫ్టర్లకు బెన్ లీ అనే కొండ బీడు ఉండేది. 1865లో భూస్వామి దాన్ని తీసుకున్నాడు. 1882లో వాళ్ళు ఆ బీడు తిరిగి ఇచ్చేదాకా కౌలు కట్టమన్నారు. ఏప్రిలులో ఖాళీ చేయమనే నోటీసులు తెచ్చిన అధికారిని చుట్టుముట్టి ఆ కాగితాలను అతని ముందే తగలబెట్టారు. కొద్ది రోజులకు గ్లాస్గో నుంచి యాభై మంది దాకా పోలీసులు వచ్చారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు రాళ్ళతో అడ్డుకున్నారు. ఐదుగురిని పట్టుకుపోయారు. ఈ వార్త దేశమంతా పాకింది. గ్లెండేల్‌లో జాన్ మెక్‌ఫర్సన్ అనే క్రాఫ్టరు 1883లో జైలుకెళ్ళాడు. ఐర్లండులో రైతులు పోరాడి 1881లో భూచట్టం సాధించుకున్నారని వీళ్ళకు తెలుసు. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వానికి విచారణ సంఘం వేయక తప్పలేదు. 1883 మార్చిలో వేసింది. అధ్యక్షుడు లార్డు నేపియర్.

వినడానికి వెళ్ళిన సంఘం

సంఘంలో ఆరుగురు. నేపియర్‌తోపాటు గేర్‌లాక్‌కు చెందిన కెన్నెత్ మెకెంజీ, లాకీల్‌కు చెందిన డొనాల్డ్ కామెరాన్ పెద్ద భూస్వాములు. చార్లెస్ ఫ్రేజర్ మెకింటాష్ పార్లమెంటు సభ్యుడు, క్రాఫ్టర్ల పక్షపాతి. అలెగ్జాండర్ నికల్సన్ స్కై దీవిలో పుట్టిన న్యాయాధికారి. డొనాల్డ్ మెకినన్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆ భాషల ఆచార్యుడు. చివరి ఇద్దరికీ గేలిక్ తల్లిభాష. క్రాఫ్టరు ఒక్కడూ లేడు. ఇది భూస్వాముల సంఘమేనని, దీనివల్ల ఒరిగేదేమీ లేదని చాలామంది అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం ఉంది.

1883 మే 8న బ్రేస్‌లోనే మొదటి విచారణ జరిగింది. మొదటి సాక్షి ఆంగస్ స్టీవర్ట్ అనే క్రాఫ్టరు. గేలిక్‌లో మాట్లాడాడు, దుబాసీ ఇంగ్లీషులోకి చెప్పాడు. కష్టాలు చెప్పమంటే అతను ముందు ఒక హామీ అడిగాడు. నేను నిజం చెబితే భూస్వామిగాని, ఫాక్టరుగాని నన్ను నా కమతం నుంచి వెళ్ళగొట్టకూడదు, ఆ మాట ఇస్తేనే నోరు విప్పుతాను అన్నాడు. ఫాక్టరు అంటే ఎస్టేటు నడిపే మేనేజరు. మన దగ్గర జమీందారు దివాను లాంటివాడు. అలాంటి హామీ ఇచ్చే అధికారం సంఘానికి లేదు. చివరికి భూస్వామి తరఫు మనిషి అక్కడే మాట ఇచ్చాక సాక్ష్యం సాగింది. ఆ సంభాషణ మొత్తం రికార్డులో అచ్చయింది. ఒక కొండ రైతు భయం ప్రభుత్వ పుస్తకంలో మొదటి పుటల్లోనే నిలిచింది. ఆ భయానికి మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

మే నుంచి డిసెంబరు వరకు సంఘం దీవి దీవికీ తిరిగింది. చర్చిల్లో, బడి గదుల్లో కూర్చుంది. వాళ్ళను మోసుకెళ్ళిన లైవ్లీ అనే ఓడ జూన్‌లో స్టోర్నవే దగ్గర రాళ్ళకు కొట్టుకుని పోతే వేరే ఓడ ఎక్కి తిరిగారు. 61 చోట్ల 71 సభలు. 775 మంది సాక్షులు. అడిగిన ప్రశ్నలు 46 వేలకు పైగా. ప్రశ్న, జవాబు, చెప్పినవారి పేరు, ఊరు అన్నీ నాలుగు పెద్ద సంపుటాల్లో అచ్చయ్యాయి. నివేదిక మరో సంపుటం. ఇవాళ ఆ దీవుల పిల్లలు తమ ముత్తాత ఏం చెప్పాడో ఆ పుస్తకాల్లో వెతుక్కుని చదువుకుంటారు.

అయితే ఇదంతా లార్డుగారి మంచితనం వల్లే జరిగిందనుకుంటే పొరపాటు. సంఘం రాకముందే జాన్ మర్డాక్ అనే రిటైరైన ఎక్సైజు ఉద్యోగి, అలెగ్జాండర్ మెకెంజీ అనే పత్రికా సంపాదకుడు ఊళ్ళు తిరిగారు. ఏం అడుగుతారు, ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అని జనాన్ని సిద్ధం చేశారు. ఊరివాళ్ళు సమావేశమై తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు. ఎంత బీడు పోయింది, ఏ సంవత్సరం పోయింది, కౌలు ఎంత నుంచి ఎంతకు పెరిగింది అని రాసుకుని వచ్చారు. వినేవాడు దొరకడం సగం పని. చెప్పేవాడు లెక్కతో రావడం మిగతా సగం.

నివేదికలో ఏముంది, చట్టంలో ఏం మిగిలింది

1884 ఏప్రిల్ 28 తేదీతో నివేదిక వచ్చింది. అందులో నేపియర్ ముద్ర ఉన్న ముఖ్య సిఫారసు ఊరి సముదాయం గురించినది. క్రాఫ్టర్ల ఊరిని చట్టం గుర్తించాలన్నారు. ఊరి బీడును ఊరి అనుమతి లేకుండా తగ్గించకూడదు. పీట్ తవ్వుకునే హక్కు, నాచు తెచ్చుకునే హక్కు, కప్పుకు పొదలు కోసుకునే హక్కు ఊరికి ఉండాలి. కంచెల ఖర్చులో, దారుల ఖర్చులో భూస్వామి పాలుపంచుకోవాలి. చాలని ఊరికి పక్కనున్న భూమి కలపాలి. ఇది ఆ రోజుల్లో పెద్ద మాట. ఆర్గైల్ డ్యూక్ లాంటి పెద్ద భూస్వాములు మండిపడ్డారు. ఆస్తి హక్కు మీద దాడి అన్నారు. సంఘంలోని సభ్యులే కొందరు విడిగా అసమ్మతి రాశారు. నేపియర్ పత్రికలో వ్యాసం రాసి తన నివేదికను సమర్థించుకున్నారు.

ఆయన లోపం కూడా చెప్పుకోవాలి. ఏడాదికి ఆరు పౌండ్లు, అంతకు మించి కౌలు కట్టేవారికే దీర్ఘకాలపు కౌలు పట్టా ఇవ్వవచ్చన్నారు. అంతకన్నా చిన్నవాళ్ళకు, అంటే ఎక్కువమంది పేదలకు, ఆయన చూపిన దారుల్లో వలస పోవడం ఒకటి. తరతరాల నేల విడిచి కెనడా వెళ్ళమనడం భూస్వాములు ఏనాటి నుంచో చెబుతున్న మాటే. ప్రజల బాధ విన్నా, పుట్టిన వర్గపు చూపు ఆయన్ని పూర్తిగా వదల్లేదు.

ప్రజలు ఊరుకోలేదు. 1884 చివర స్కై దీవికి యుద్ధనౌకలు, సైనికులు వెళ్ళవలసి వచ్చింది. ఓటు హక్కు విస్తరించాక 1885 ఎన్నికల్లో క్రాఫ్టర్ల తరఫు అభ్యర్థులు గెలిచి పార్లమెంటులో కూర్చున్నారు. 1886 జూన్‌లో క్రాఫ్టర్ల చట్టం వచ్చింది. అది నేపియర్ నివేదిక దారిలో కాకుండా ఐర్లండు చట్టం దారిలో నడిచింది. క్రాఫ్టరును ఇష్టం వచ్చినట్టు వెళ్ళగొట్టడానికి వీల్లేదు. న్యాయమైన కౌలును ఒక కమిషన్ నిర్ణయిస్తుంది. కమతం వారసులకు వెళ్తుంది. ఇల్లు కట్టుకున్నా, నేల బాగుచేసుకున్నా, వదిలి వెళ్ళేటప్పుడు పరిహారం దక్కుతుంది. ఏడు జిల్లాల్లో ఇది అమలైంది. కమిషన్ చాలాచోట్ల కౌలు తగ్గించి, పాత బకాయిలు కొట్టేసింది. ఆరు పౌండ్ల గీతను పట్టించుకోకుండా చిన్న క్రాఫ్టరుకూ రక్షణ ఇవ్వడం ఈ చట్టం చేసిన మేలు.

కాని ఊరి సముదాయం అన్న మాట పక్కన పడిపోయింది. ఇంటికి, కమతానికి రక్షణ దొరికింది. పోయిన బీళ్ళు, పోయిన లోయలు వెనక్కి రాలేదు. భూమిలేని కాటర్లకు ఏమీ దక్కలేదు. ఊరికి ఊరే భూమిని తీసుకునే హక్కు కోసం ఆ కొండలవాళ్ళు ఇంకా వందేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. 1993లో అసింట్ క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి తమ ఎస్టేటును తామే కొనుక్కున్నారు. 1997లో ఎగ్ దీవివాసులు తమ దీవిని సాధించుకున్నారు. 2003లో స్కాట్లండు పార్లమెంటు చేసిన చట్టం సముదాయానికి భూమి కొనే హక్కును గుర్తించింది.

నివేదికలో మరో మాట మనలాంటి ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి. 1872లో స్కాట్లండుకు వచ్చిన విద్యాచట్టం గేలిక్ భాషను పట్టించుకోలేదు. పిల్లలు బడిలో తమకు తెలియని భాషలో అక్షరాలు దిద్దేవారు. తల్లిభాషను ఇలా నిర్లక్ష్యం చేయడం ఆగాలని, గేలిక్ పిల్లలకు గేలిక్‌లో చదవడం నేర్పాలని నేపియర్ సంఘం స్పష్టంగా రాసింది. దాదాపు ఆ కాలంలోనే మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేయడం మొదలుపెట్టారు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి భాషల్లో ప్రాథమిక బడి పుస్తకాలు వచ్చాయి. తెలుగు అక్షరం రాని పిల్లవాడు మొద్దు కాడని, వాడికి రెండో భాషలో మొదటి పాఠం చెబుతున్నామని మనకు రోజూ తరగతిలో కనిపించే సత్యమే అప్పుడు అక్కడ సంఘం ముందుకు వచ్చింది.

మనకు ఏమిటి

నేపియర్ 1898 డిసెంబరు 19న ఇటలీలోని ఫ్లారెన్సులో చనిపోయారు. ఆయన వంతెన మీద ఇవాళ బస్సులు తిరుగుతున్నాయి. మనకు వంతెన కన్నా ఆ ఐదు సంపుటాలు విలువైనవి. వాటి నుంచి మూడు సంగతులు తీసుకుందాం.

ఒకటి, సాక్ష్యం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల ప్రకారం, దరఖాస్తుదారు కాని పెద్దవారు చెప్పిన వాంగ్మూలాన్ని రాసి పెడితే అది కూడా ఒక ఆధారమే. కాగితం లేదని వెనక్కి పంపితే ఈ నియమం చూపించాలి. మన ఊళ్ళలో పాత పోడు ఎక్కడ ఉండేది, ఏ గుట్ట మీద పూజ చేసేవారు, ఏ చెట్టు కింద పాత ఊరు ఉండేది, ఏ ఏడాది గార్డులు గీత వేశారు అన్నది తెలిసిన తాతలు, అవ్వలు ఏటేటా తగ్గిపోతున్నారు. పదో తరగతి పిల్లలు ఒక నోటు పుస్తకం పట్టుకుని వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే, పేరు, ఊరు, తేదీతో రాసిపెడితే అది మన నేపియర్ నివేదిక అవుతుంది. దానికి లార్డు అక్కర్లేదు.

రెండు, సిద్ధం కావడం. 1/70 చట్టం ఉంది. పెసా చట్టం 1996లో వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని ఉన్నా గ్రామసభలో అధికారి అడిగినప్పుడు మనవాళ్ళు తల దించుకుని సంతకం పెట్టి వచ్చేయడం మనం చూస్తున్నదే. ఆంగస్ స్టీవర్ట్ భయపడ్డాడు. ఆ భయాన్ని దాచుకోకుండా సభలోనే చెప్పాడు. చెప్పడానికి ముందు అతని ఊరు కూర్చుని మాట్లాడుకుంది. సభకు ముందు రోజు రాత్రి ఊరి మధ్య కూర్చుని, ఎవరు ఏం చెప్పాలో అనుకుని, సర్వే నంబరు, ఎకరాలు, సంవత్సరాలు రాసుకుని వెళ్ళడం నేర్చుకోవాలి. చదువుకున్న యువకులు చేయదగిన మర్డాక్ పని ఇది.

మూడు, ఉమ్మడి హక్కు. అక్కడ 1886లో జరిగినట్టే మన దగ్గరా జరుగుతోంది. పోడు పట్టా కోసం ఇంటింటా పరుగెత్తుతున్నాం. అది కావాలి, తప్పదు. కాని వెదురు, విప్పపువ్వు, చింతపండు, అడ్డాకు, మేత బీడు, వాగు, గుట్ట, ఇవన్నీ ఊరివి. వీటి మీద సామూహిక అటవీ వనరుల హక్కును కూడా ఆ చట్టమే ఇచ్చింది. గ్రామసభ తీర్మానం చేసి దరఖాస్తు పెట్టాలి. రెండెకరాల పట్టా చేతికి వచ్చి, చుట్టూ ఉన్న అడవి చేజారితే, మన పిల్లలు బెన్ లీ కొండ పోగొట్టుకున్న క్రాఫ్టర్లలాగే కమతం ఉండి బతుకు లేనివాళ్ళవుతారు. అక్కడి ప్రభువుకు కూడా ఈ సంగతి అర్థమైంది. ఆయన మాటను వాళ్ళ పార్లమెంటు వినలేదు.

మన పార్లమెంటు మాత్రం ఆ మాటను చట్టంగా రాసి ఇచ్చింది. వాడుకోవడం మన చేతిలో ఉంది. ఈ వ్యాసం చదివిన ఉపాధ్యాయ మిత్రులు వచ్చే గ్రామసభలోగా తమ ఊరి సామూహిక హక్కుల దరఖాస్తు ఏ దశలో ఉందో కనుక్కోండి. పెట్టి ఉండకపోతే పెద్దలను కూర్చోబెట్టి హద్దులు రాయించండి. పడమర ఏ వాగు, ఉత్తరాన ఏ గుట్ట అన్నది వాళ్ళకు తెలుసు. కలం మన దగ్గర ఉంది.